తెర మీద మనం, తెర ముందు మనం



సినిమాల్లో మనల్ని ఎలా చూపిస్తారో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తలకి ఈకలు, చేతిలో బల్లెం, అర్థంలేని అరుపులు. చూసినప్పుడు కోపమొస్తుంది, నాలుగు రోజులకి మర్చిపోతాం. కానీ సినిమా చూడటాన్నే ఒక పనిగా పెట్టుకున్న విద్యార్థుల చరిత్ర ఒకటుంది. అది మనకి పనికొస్తుందనిపించి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ‘డాక్ ఫిల్మ్స్’ అని ఒక విద్యార్థుల సినిమా క్లబ్బు ఉంది. దాని మూలాలు 1932 నాటివి. 1940లో, దేశదేశాల విద్యార్థులుండే ఇంటర్నేషనల్ హౌస్‌లో డాక్యుమెంటరీ ఫిల్మ్ గ్రూప్‌గా అది పుట్టింది. మొదట్లో నిజజీవితాన్ని చూపించే డాక్యుమెంటరీలే వేసేవారు. అవి ఒక్కటే సరిపోవని తెలిశాక కథాచిత్రాలు, ప్రయోగాత్మక చిత్రాలు కూడా మొదలుపెట్టారు. ఆ దేశంలో ఆగకుండా నడుస్తున్న విద్యార్థి సినిమా సంఘాల్లో అన్నిటికన్నా పాతదిగా దానికి పేరు.

అక్కడ పని చేసేది జీతగాళ్ళు కాదు. ఏ సినిమా వెయ్యాలో నిర్ణయించేది, టికెట్లు అమ్మేది, ప్రొజెక్టర్ నడిపేది అంతా విద్యార్థులే, ఊరికే చేస్తారు. వారంలో ఒక్కో రోజుకి ఒక్కో వరస పెట్టుకుంటారు: ఒకరోజు ఒక దర్శకుడివి, ఇంకోరోజు ఒక విషయం మీద తీసినవి. ఆ క్లబ్బులో పనిచేసిన డేవ్ కెర్ తర్వాత పేరున్న సినీ విమర్శకుడయ్యాడు.

అదే విశ్వవిద్యాలయంలో చదివిన ముగ్గురు 1966లో కార్టెంక్విన్ అనే డాక్యుమెంటరీ సంస్థ పెట్టారు. వాళ్ళ ఇంటిపేర్లు కార్టర్, టెమానర్, క్విన్ కలిపితేనే ఆ పేరు వచ్చింది. ఆ సంస్థ నుంచి 1994లో ‘హూప్ డ్రీమ్స్’ వచ్చింది. ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళు, బాస్కెట్‌బాల్ మీద వాళ్ళ ఆశలు, వాళ్ళ కుటుంబాల కష్టాలు. వాళ్ళ వెంట ఏళ్ళ తరబడి తిరిగి తీసిన దాదాపు మూడు గంటల సినిమా అది. వచ్చిన డబ్బులో ఆ కుర్రాళ్ళకి కూడా వాటా ఇచ్చారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన గూడేలకి కెమెరాలతో వచ్చి వెళ్ళినవాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చి, తీసిందేదో కనీసం చూపించారు?

ఇక మన దేశం సంగతి. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ ఒక సమాఖ్య అయ్యాయి. మంచి సినిమా అంటే ఏంటో ఈ ఉద్యమం చాలామందికి నేర్పింది, కాదనం. కానీ అదే రాయ్ 1970లో తీసిన ‘అరణ్యేర్ దిన్ రాత్రి’లో సంతాల్ ఆడపిల్ల పాత్ర వేసింది సిమీ గరేవాల్, ఒంటికి నల్లరంగు పూసుకుని. గొప్ప దర్శకుడే, గొప్ప సినిమానే. అయినా సంతాల్ పిల్ల కోసం సంతాల్ పిల్లని వెతకలేదు. రిత్విక్ ఘటక్ ‘అజాంత్రిక్’లో (1958) మాత్రం ఒరావ్ జనం, వాళ్ళ ఆట మనకి నిజంగా కనిపిస్తాయి. అక్కడ కూడా కెమెరా వెనక ఉన్నది మనవాళ్ళు కాదు.

కెమెరా వెనక్కి మనవాళ్ళు రావడం రాంచీలో చూస్తాం. ఒరావ్ బిడ్డ బీజు టొప్పో, మేఘనాథ్ కలిసి 1996లో ‘అఖ్రా’ మొదలుపెట్టారు. అఖ్రా అంటే ఊరంతా చేరి ఆడే, పాడే, మాట్లాడుకునే చోటు. తేయాకు తోటలకి పోయిన ఆదివాసీ కూలీల మీద బీజు టొప్పో ‘కోరా రాజీ’ తీశాడు, కుడుఖ్ భాషలో. ఆ ఇద్దరే రామ్‌దయాళ్ ముండా జీవితం మీద ‘నాచీ సే బాంచీ’ తీశారు. ఆడేవాళ్ళే బతుకుతారు అని దానర్థం. ముండా గారు డాక్టరేట్ చేసింది షికాగో విశ్వవిద్యాలయంలోనే. అమెరికాలో పాఠాలు చెప్పి కూడా రాంచీకి తిరిగొచ్చి, మన భాషల శాఖ నడిపి, వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ఇప్పుడు మన సంగతి. షికాగోలో ఉన్నంత హాలు మనకి లేదు. తెల్ల దుప్పటి, అద్దె ప్రొజెక్టర్, నెలకి ఒక ఆదివారం చాలు. పగటిపూట పెట్టుకుందాం, లేకపోతే అమ్మాయిల హాస్టల్ నుంచి చెల్లెళ్ళు రాలేరు. సినిమా అయిపోగానే లేచిపోకుండా గంటసేపు మాట్లాడుకుందాం. గోండిలో, కోయలో, సవరలో, లంబాడీలో, ఎవరికి ఏది వస్తే అందులో. ఎవరేమన్నారో ఒక నోటుబుక్కులో రాద్దాం. ‘అరణ్యేర్ దిన్ రాత్రి’తో మొదలుపెట్టి, తర్వాతి నెల ‘కోరా రాజీ’ వేస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత ఫోన్లు పట్టుకుని మన ఊళ్ళకి పోదాం. పాటలు, కథలు తెలిసిన పెద్దవాళ్ళు ఏటా ఒకరిద్దరు వెళ్ళిపోతున్నారు. వాళ్ళతోపాటే అవీ పోతున్నాయి. అడిగి తీద్దాం, తీసింది ముందు వాళ్ళకే చూపిద్దాం, డబ్బొస్తే వాటా ఇద్దాం. ఏ హాస్టల్లో ఎవరు బాధ్యత తీసుకుంటారో పేర్లు ఇవ్వండి. పండగ సెలవులకి ముందే మొదటి ఆట వేద్దాం.