కొత్తవాడ (వరంగల్)

కొత్తవాడ వరంగల్ నగరంలోని ఒక నేత పేట. శత్రంజిలు నేసే మగ్గాల వల్ల దీని పేరు దేశమంతా తెలిసింది. పాలనాపరంగా మాత్రం దీనికి విడిగా ఉనికి లేదు. పంచాయతీ లేదు, పురపాలక సంఘం లేదు, గీత గీసి చూపించే హద్దు కూడా లేదు. గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ డివిజన్లలో కలిసిపోయిన వాడల్లో ఇదొకటి. ఇక్కడి జనాన్ని లెక్కపెట్టాలంటే జనగణన పట్టికల కంటే మగ్గాల పట్టికలే ఎక్కువ పనికొస్తాయి. ఈ వాడ చరిత్రకు కూడా అవే ఆధారం.

ఉనికి

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరిలో కొత్తవాడ తూర్పు భాగాన, పాత వరంగల్ పట్టణంలో ఉంది. మట్టెవాడ, పోచమ్మమైదాన్, ఎం.జి.ఎం. ఆసుపత్రి దీనికి దగ్గర్లోని గుర్తులు. శాసనసభకు వరంగల్ తూర్పు నియోజకవర్గం కిందికి వస్తుంది. 2016లో పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు వరంగల్ అర్బన్‌లో ఉండేది. 2021లో జిల్లాల పేర్లు, హద్దులు మళ్లీ మారినప్పుడు వరంగల్ మండలంతోపాటు వరంగల్ జిల్లాలోకి వచ్చింది. ఇల్లు కదలకుండానే జిల్లా మారింది.

నేల దక్కన్ పీఠభూమిది: నల్లరాతి గుట్టలు, ఎర్ర చెలక, మధ్యమధ్య చెరువులు. హైదరాబాదుకు ఈశాన్యంగా దాదాపు 145 కిలోమీటర్ల దూరం. వాన ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు వరకే పడుతుంది. గుంటమగ్గం ఉన్న ఇంటికి ఆ నాలుగు నెలలు కష్టకాలం. తొక్కుడు చెక్కలు ఉండే గుంతలోకి చెమ్మ ఊరుతుంది, పడుగు నూలు బిగుతు మారుతుంది, రంగు అద్దిన నూలు ఆరదు. చుట్టుపక్కల మండలాల్లో పండే పత్తి ఏనుమాముల మార్కెట్‌కు వచ్చి బేళ్లై వెళ్లిపోతుంది. మగ్గానికి కావలసిన నూలు మాత్రం బయటి మిల్లుల నుంచి రావాలి.

జనాభా

కొత్తవాడకు విడిగా జనాభా లెక్క లేదు. సొంత పాలన లేని చోటికి లెక్క ఉండకూడదనేమీ లేదు. అమెరికాలో సొంత నగర పాలక మండలి లేని చిన్న ఊళ్లు వేలల్లో ఉన్నాయి. వాటి రోడ్లు, పోలీసు వ్యవహారాలు సాధారణంగా కౌంటీయే చూసుకుంటుంది. అలాంటి ఊళ్లలో జనం గుమిగూడి ఉన్నవాటిని 1950 నుంచి అక్కడి జనగణన విడిగా గుర్తించి లెక్క ఇస్తోంది. 1980 నుంచి వాటికి ‘జనగణన కోసం గుర్తించిన ప్రదేశం’ అనే హోదా ఇచ్చింది. పాలన లేకపోయినా పట్టికలో ఒక వరుస ఉంటుందన్న మాట. మన జనగణనలో దీనికి దగ్గరగా ఉండేది ‘జనగణన పట్టణం’. అయిదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, ప్రధానంగా పనిచేసే మగవారిలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం దానికి కొలతలు. అవి పురపాలక హోదా రాని ఊళ్ల కోసం పెట్టినవి. కొత్తవాడలాగా నగరం కడుపులో ఉన్న వాడకు అవి వర్తించవు. ఇక్కడి జనం వార్డులుగా, ఆ కింద సుమారు 120 నుంచి 150 ఇళ్ల గణన బ్లాకులుగా చీలిపోతారు. మళ్లీ కలిపి వాడ లెక్క కట్టే పని ఎవరిదీ కాదు.

అందువల్ల నగరం లెక్కతోనే సరిపెట్టుకోవాలి. వరంగల్ జనాభా 1971లో రెండు లక్షల పైచిలుకు. 2001 నాటికి 5,30,636. 2011 నాటికి ఆరు లక్షలు దాటింది. ఆ తర్వాత చుట్టుపక్కల గ్రామాలను కలిపాక అదే 2011 లెక్క ప్రకారం ఎనిమిది లక్షలు మించింది. నగరపాలక సంస్థ 1994లో ఏర్పడింది. 2015లో గ్రేటర్ అయింది. 2021 ఎన్నికల నాటికి 66 డివిజన్లున్నాయి. ప్రతి పునర్విభజనలోనూ గీతలు జరుగుతాయి కనుక, డివిజన్ జనాభాను వాడ జనాభాగా చెప్పడం తొందరపాటే.

వృత్తి లెక్కలో ఇంకో చిక్కుంది. సొంత ఇంట్లో మగ్గం ఉన్న నేతగాడు జనగణనలో ‘కుటుంబ పరిశ్రమ’ కింద పడతాడు. అదే మనిషి సహకార సంఘం షెడ్డులోనో, నూలిచ్చి నేయించుకునే ఆసామి షెడ్డులోనో కూలికి నేస్తే ‘ఇతర పనివారు’ అవుతాడు. పని ఒకటే, గడులు రెండు. కండెలు చుట్టే ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. ఆ పనిని ఇంటిపనిలో కలిపేస్తే వాళ్లు ఏ గడిలోనూ కనిపించరు.

ఈ లోటును కొంత పూడ్చేది చేనేత గణన. 2009-10లో జరిగిన మూడో గణనలో దేశం మొత్తమ్మీద 43.31 లక్షల మంది చేనేత, అనుబంధ పనివారు లెక్కకు వచ్చారు. 2019-20 నాటి నాలుగో గణనలో 35.22 లక్షలు. తెలంగాణ ప్రభుత్వం తన వంతుగా మగ్గాలకు జియోట్యాగ్ వేయించింది. ఆ తర్వాత నూలు రాయితీ, పొదుపు నిధి, బీమా లాంటివన్నీ మగ్గం నంబరుతో ముడిపడ్డాయి. మగ్గం దించేసిన ఇల్లు ఆ లెక్కలోంచి కూడా జారిపోతుంది.

శత్రంజి

వరంగల్ నేతలో రెండు పాయలున్నాయి. ఒకటి ముడులు వేసి కుచ్చుగా నేసే తివాచీ. పట్టణంలో మట్టెవాడ దానికి పేరుపడింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. రెండోది కుచ్చు లేకుండా చదునుగా నేసే నూలు శత్రంజి. కొత్తవాడది ఇదే. మొగలు సైన్యాల వెంట వచ్చిన పనివాళ్ల నుంచి ఇక్కడివాళ్లు ఈ విద్య నేర్చారని చెప్పుకుంటారు. దాన్ని చరిత్రగా కాక వాడుకలో ఉన్న కథగా తీసుకోవడమే మంచిది. నేసేవారిలో ఎక్కువమంది పద్మశాలీలు.

శత్రంజిలో పేక పడుగును పూర్తిగా కప్పేస్తుంది. కనిపించే రంగంతా పేకదే. రెండు వైపులా పరుచుకోవచ్చు. రెండు రంగులు కలిసేచోట చీలిక పడకుండా ఒక రంగు పేకను రెండో రంగు పేకలో కొక్కెంలా తగిలించి వెనక్కి తిప్పడాన్ని ఇంటర్‌లాక్ అంటారు. ఇక్కడి పనితనం అసలు తేలేది అక్కడే. గళ్లు, చారలు నేయడానికి ఓర్పు చాలు, ఇంటర్‌లాక్‌కు లెక్క కావాలి. సాదా శత్రంజి మీద అచ్చులతో కలంకారీ బొమ్మలు అద్దడం తర్వాత వచ్చిన పద్ధతి. మొక్కల రంగులతో అద్దినవాటిని పారే నీటిలో ఉతుకుతారు. వెడల్పు శత్రంజికి ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఇద్దరి చెయ్యి ఒకేలా పడకపోతే అంచు వంకర పోతుంది.

పెళ్లి పందిళ్లలో, బడుల్లో, సంక్షేమ వసతిగృహాల్లో పరిచినవి చాలాకాలం ఇవే. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం శత్రంజిని చేమగ్గానికే కేటాయించింది. చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అయినా బజారులో మరమగ్గం సరుకు, ప్లాస్టిక్ చాపలు కూడా ఉన్నాయి. 2018లో ఈ శత్రంజిలకు ‘వరంగల్ దరీలు’ పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు నకిలీ పేరును ఆపగలదు కానీ చౌక ధరను ఆపలేదు.

మిల్లు, సంఘం, వలస

సికింద్రాబాదు నుంచి రైలు 1886లో వరంగల్ చేరింది. మిల్లు నూలు దూరం నుంచి రావడానికి, సరుకు దూరం పోవడానికి దారి పడింది. అదే కాలంలో కట్టిన కేంద్ర కారాగారంలోనూ ఖైదీల చేత శత్రంజిలు నేయించారు. ఆ జైలును 2021లో కూల్చి ఆసుపత్రి నిర్మాణం మొదలుపెట్టారు.

1934లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, ఆయన పెద్దకొడుకు పేరుతో, ఆజం జాహీ మిల్లు వెలిసింది. పత్తి పండే ఊళ్లోనే నూలు వడికే రోజులవి. మిల్లు జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి, చివరికి మూతపడింది. వేలమంది బతుకులతో పాటు నగరానికి సొంత నూలు కూడా పోయింది.

కొత్తవాడను నిలబెట్టింది సహకార సంఘాలే. సంఘం నూలు ఇస్తుంది, నేసింది తీసుకుంటుంది, కూలి కడుతుంది. సంఘం దగ్గర కొనేది ప్రధానంగా ప్రభుత్వ చేనేత సహకార సంస్థ: ఉమ్మడి రాష్ట్రంలో ఆప్కో, తెలంగాణ వచ్చాక టెస్కో. ఈ ఏర్పాటుకు బలం, బలహీనత ఒకటే. వసతిగృహాల ఆర్డరు వస్తే మగ్గం ఆడుతుంది, బిల్లు ఆగితే మగ్గం ఆగుతుంది. సంఘానికి బయట ఆసామి దగ్గర నేసేవారికి ఆ ఆసరా కూడా అంతంతమాత్రం.

కొత్తవాడ జనాభా ఒకచోట నిలవకపోవడానికి కారణం ఇదే. వరంగల్ ప్రాంతపు నేతపనివారు తరాలుగా షోలాపూర్, భీవండి, సూరత్‌ల మరమగ్గాలకు వెళ్తున్నారు. వెళ్లినవాళ్లను వెనక్కి రప్పించడమే ఉద్దేశమని చెప్పి 2017 అక్టోబరు 22న గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. అది యంత్రాల పార్కు. చేమగ్గం మనిషికి అందులో దొరికేది ఉద్యోగమే కానీ తన వృత్తి కాదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027కు చేరడంతో, 2011 తర్వాత వాడ నుంచి ఎవరు వెళ్లారో, ఎవరు వచ్చి చేరారో చెప్పే అధికారిక లెక్క కూడా అప్పటిదాకా ఆగాల్సిందే. అప్పుడైనా అది డివిజన్ల వారీగానే వస్తుంది.