క్యాన్సర్‌కు తోడు వైద్యాలు: కర్నూలు, కడప ప్రాంతం

ఆస్పత్రిలో క్యాన్సర్ చికిత్స పొందుతూనే నాటు మందు, ఆయుర్వేదం, హోమియో, యునానీ, యోగా వంటివాటిని కలిపి వాడుకోవడం తోడు వైద్యం. ఆస్పత్రికి పోవడం మానేసి వీటినే నమ్ముకోవడం ప్రత్యామ్నాయ వైద్యం. మొదటిదాన్ని జాగ్రత్తగా నడుపుకోవచ్చు. రెండోది ప్రాణం తీస్తుంది.

సదుపాయాలు

కర్నూలు వైద్య కళాశాల 1957లో మొదలైంది. అమెరికాలో పేరు తెచ్చుకున్న క్యాన్సర్ వైద్యులు నోరి దత్తాత్రేయుడు ఇక్కడే చదివారు. ఆ ఆవరణలోనే ఇప్పుడు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కడపకు 2006లో రిమ్స్ ఆస్పత్రి వచ్చింది. అయినా కర్నూలు వాళ్లు హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి, కడప వాళ్లు తిరుపతి స్విమ్స్‌కో వేలూరు సీఎంసీకో పోవడం మామూలే. ఇతర వైద్య విధానాలకూ ఈ ఊళ్లలో చోటుంది: కడపలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఉన్నాయి.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చు భరిస్తుంది. కానీ రేడియేషన్ అంటే చాలాసార్లు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు. అన్నాళ్లూ తోడు వెళ్లిన మనిషికీ కూలి ఉండదు. పక్క ఊళ్లో దొరికే చెట్ల మందు వైపు మనసు లాగడానికి మూఢనమ్మకం కంటే ఈ దూరాభారమే పెద్ద కారణం. రోగి ఇంటివాళ్లను తిట్టి లాభం లేదు.

చెట్టు నుంచి సూదిమందు దాకా

చెట్లలో మందు లేదనడం తప్పు. సీమలో ఇంటి ముందూ సమాధుల దగ్గరా, నీళ్లు పోసినా పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరే అందుకు సాక్ష్యం. 1950ల చివర్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దాని ఆకుల్లో విన్‌బ్లాస్టిన్‌ను కనుక్కున్నారు. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ ఇవాళ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో తప్పనిసరి మందు. టన్ను ఎండాకు నుంచి వచ్చే మందు కొద్ది గ్రాములే. దాన్ని శుద్ధి చేసి, రోగి ఒంటి కొలతను బట్టి మిల్లీగ్రాముల లెక్కన నరానికి ఎక్కిస్తారు. అదే ఆకును నూరి తాగితే క్యాన్సర్ తగ్గదు, విషం మాత్రం ఒంట్లోకి పోతుంది.

కలపడంలో ప్రమాదాలు

అమెరికాలోని యేల్ పరిశోధకులు 2018లో రెండు అధ్యయనాలు ప్రచురించారు. ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్నవాళ్లలో మరణ ప్రమాదం రెండున్నర రెట్లు కనిపించింది, రొమ్ము క్యాన్సర్‌లోనైతే ఐదు రెట్లు దాటింది. రెండో అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. ఆస్పత్రి చికిత్సతో పాటు తోడు వైద్యం వాడినవాళ్లలోనూ మరణాలు ఎక్కువే. కారణం వెతికితే, వాళ్లలో చాలామంది ఆపరేషనో కీమోనో రేడియేషనో వద్దన్నారని తేలింది. ప్రధానంగా దెబ్బతీసింది ఆ వదులుకోవడమే.

అలాగని ఏది కలిపినా ఫరవాలేదని కాదు. కీమో ఎక్కించాక వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో సరిగా కడగని ఆకును రోట్లో దంచి, గుడ్డలో పిండి ఇచ్చే పచ్చి పసరు వల్ల ఇన్ఫెక్షన్ రావచ్చు. కంచెల మీద పాకే తిప్పతీగను కోవిడ్ కాలంలో విపరీతంగా వాడినప్పుడు కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు నమోదు చేశారు. చాలా కీమో మందులను విరిచి బయటికి పంపేది ఆ కాలేయమే. క్యాన్సర్‌కు దివ్యౌషధమని ప్రచారమైన లక్ష్మణఫలాన్ని ఎక్కువగా వాడినవాళ్లలో పార్కిన్‌సన్స్‌ను పోలిన జబ్బు కనిపిస్తోందని 1999లో గ్వాదెలోప్ దీవి నుంచి వైద్యులు హెచ్చరించారు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి.

పత్యం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, అది చేసే చెరుపు తక్కువది కాదు. ఉప్పు, గుడ్డు, మాంసం, చెనిక్కాయలు మాన్పించే నాటు పత్యం, అసలే బరువు తగ్గుతున్న రోగిని మరింత కుంగదీస్తుంది. బరువు పడిపోతే తర్వాతి కీమోను వాయిదా వేయాల్సి రావచ్చు. నోరు పూసినప్పుడు కారం లేని పప్పుతో మెత్తటి రాగి సంగటి, చల్లారిన జావ, ఉడికించిన గుడ్డు ఇవ్వడం మేలు.

మేలు చేసేవి

కీమో వికారానికి వాంతి మందుతో పాటు రోజుకు అర గ్రాము నుంచి గ్రాము దాకా అల్లం ఇస్తే ఉపశమనం ఉన్నట్టు 2012 నాటి అమెరికా అధ్యయనం చూపింది. యోగా, ధ్యానం నీరసాన్నీ ఆందోళననూ తగ్గిస్తాయి, కణితిని కరిగించవు. మైదుకూరు పసుపు కూరలో ఎంత వేసుకున్నా భయం లేదు. పసుపు నుంచి తీసిన కర్‌క్యుమిన్ మాత్రలను మాత్రం డాక్టరును అడగకుండా మింగకూడదు.

చట్టం

క్యాన్సర్‌ను నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఏ వైద్య విధానం వారైనా ఇందుకు మినహాయింపు కాదు.

ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవాళ్లు ఒక పని తప్పక చేయాలి. పొడి, పసరు, లేహ్యం, మాత్ర, ఏది వాడుతున్నా ఆ పొట్లాన్నీ సీసానూ కీమోకు పోయే సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరుకు చూపించండి. తిడతారని దాచకండి. ఆయన ఆపమన్నది ఆపండి. కీమో తేదీని మాత్రం దేనికోసమూ దాటనివ్వకండి.