జూన్ 25

మన ఇండ్లలో తిథులను మరువరు. పండుగ తిథి, పెండ్లి తిథి, పెద్దల తిథి - ఇవన్నియు ఇంటిలోని పెద్దదిక్కు నోటనే యుండును. పంచాంగము విప్పవలసిన పనియే లేదు. అమెరికా దేశస్థులకు బేస్‌బాల్ అను బంతియాట విషయమున ఇట్టి తిథిభక్తి యొకటి కలదు. సంవత్సరములో ఏ తేదీ చెప్పినను, ఆ తేదీన ఏ యేట ఏ యాటగాడు ఏమి చేసెనో చెప్పగలవారు అచ్చట కోకొల్లలు. ఆ తేదీలలో ఏప్రిల్ 15 ఒకటి. 1947వ సంవత్సరమున ఆ దినమున బ్రూక్లిన్‌లో జాకీ రాబిన్‌సన్ అను నల్లజాతి యువకుడు మొదటిసారి పెద్ద లీగులో ఆడెను. అంతకు ముందు సుమారు అరువది యేండ్లు ఆ లీగుల తలుపులు నల్లవారికి మూసియుండెను. చిత్రమేమనగా, ఆ దినమున రాబిన్‌సన్ కొట్టిన దెబ్బ యొక్కటియు హిట్టుగా లెక్కకు రాలేదు. ఐనను 2009 మొదలు ఏటేట ఆ తేదీన ప్రతి జట్టులోని ప్రతి యాటగాడును ఆయన ధరించిన 42వ సంఖ్య గల చొక్కానే తొడిగికొని ఆడుచున్నాడు.

మన క్రికెట్టులో అట్టి తేదీ జూన్ 25. దానిని మనమును మరువలేదు. కాని సగమే జ్ఞాపకముంచుకొంటిమి. మరచిన సగములో ఒక తెలుగువాడు కలడు. ఆయనను గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

జ్ఞాపకమున్న సగము 1983వ సంవత్సరమునది. అప్పుడు మేము రాజమహేంద్రవరములో నుండెడివారము. ధవళేశ్వరము ఆనకట్టనుండి కాలువలకు నీరు వదలి, డెల్టాలో నారుమళ్ళు సిద్ధము చేసికొను దినములవి. శనివారము. మధ్యాహ్నము మూడున్నర ప్రాంతమున లండను నగరములోని లార్డ్సు మైదానమున ప్రపంచకప్పు చివరి యాట మొదలయ్యెను. మా వీధిలో మంచి రేడియో మా పెదనాన్నగారి యింటనే యుండుటచే, పిల్లలము, పెద్దలము వారి అరుగుమీద చేరితిమి. మనవారు 183 పరుగులకే పడిపోగా, సగముమంది లేచి భోజనములకు పోయిరి. నేనును పోవలసినవాడనే, పెదనాన్నగారు కన్నెర్రజేసిరి గనుక ఉంటిని. తరువాతి కథ మీకు తెలిసినదే. రిచర్డ్సు గాలిలోనికి లేపిన బంతిని కపిల్‌దేవు వెనుకకు పరుగెత్తి పట్టెను. అర్ధరాత్రి సమీపించుచుండగా వెస్టిండీసువారు 140 పరుగులకు ముగిసిరి. మనము 43 పరుగులతో గెలిచితిమి.

వీధి అంతయు గోలగోలగా నున్నప్పుడు పెదనాన్నగారు రేడియో కట్టివేసి మమ్ము ఒక ప్రశ్న యడిగిరి.

"ఒరే, ఇదే తేదీన, ఇదే గడ్డిమీద మనవాళ్ళు మొట్టమొదట దిగినప్పుడు కెప్టెను ఎవడో చెప్పండి, చూద్దాం."

ఒకడు పటౌడీ యనెను. "ఎవరో మహారాజు అయివుంటాడండి" అని నేనంటిని. పెదనాన్నగారు నవ్విరి. "మహారాజే కావలసింది. కాలేదు. అదే కథ" అనిరి.

ఆ కథ 1932వ సంవత్సరమునది. ఆ యేడు జూన్ 25 గూడ శనివారమే. మన దేశము టెస్టు పందెములలో మొదటి బంతి ఆడిన దినమది. అప్పటికి మన క్రికెట్టు సంస్థానాధిపతుల పోషణలో నుండెను. ఖర్చు వారిది, కనుక నాయకత్వమును వారిదే. పాటియాలా మహారాజు నాయకుడుగా పోవలసియుండి మానుకొనగా, పోరుబందరు మహారాజును నాయకునిగాను, లింబ్డీ రాజకుమారుని ఉపనాయకునిగాను ఏర్పరచిరి. పోరుబందరు ప్రభువు మంచివాడే. ఆట మాత్రము అంతంతమాత్రము. ఆయన చేసిన పరుగులకంటె ఆయన కార్లశాలలోని రోల్సురాయిసు కార్లే ఎక్కువ యని ఆనాటివారి వేళాకోళము. ఐతే తన యాట తనకు తెలిసియుండుట ఎందరికి చేతనగును? టెస్టు సమీపించగనే ఆయన తప్పుకొనెను. లింబ్డీ రాజకుమారుడు గాయపడియుండెను. నాయకత్వము సి. కె. నాయుడు గారికి వచ్చెను.

కనకయ్య నాయుడు నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895 అక్టోబరు 31న జన్మించెను. 1923లో హోల్కారు మహారాజు ఆయనను ఇందూరునకు పిలిపించి తన సైన్యములో ఉద్యోగమిచ్చెను. 1926లో ఇంగ్లండునుండి వచ్చిన యెం. సి. సి. జట్టుమీద బొంబాయిలో ఆయన 153 పరుగులు చేసి, అందులో 11 మారులు బంతిని హద్దు దాటించి సిక్సర్లు కొట్టెను. అంతటినుండి ఆయన పేరు దేశమంతట మ్రోగెను. పొడవాటి మనిషి, నిటారైన నడక, తక్కువ మాట, క్రమశిక్షణలో కఠినుడు. అట్టివానిని అందరును ప్రేమింతురా? జట్టులో కొందరు ఆయన క్రింద ఆడమని మొరాయించిరనియు, పందెమునకు ముందు రాత్రి ఆ గొడవ పోరుబందరు ప్రభువు గది వరకు వెళ్ళెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. తోడివారిలో గొప్ప యాటగాడు కలడని యొప్పుకొనుట యొకటి, అతని యాజ్ఞకు లోబడుట మరియొకటి. చివరకు అందరును ఆడిరి.

ఇచ్చట ఇంగ్లండువారి సంగతి యొకటి చెప్పవలెను. మనవారినిబట్టి వారు నవ్వుటకు వీలులేదు. ఆ దినములలో వారిలో జీతమునకు ఆడు వృత్తియాటగాండ్రు వేరు, జీతము పుచ్చుకొనని దొరబిడ్డలు వేరు. మైదానములోనికి వచ్చు వాకిళ్ళు సైతము లార్డ్సులో వేరువేరుగా నుండెను. ఆనాటి ఇంగ్లండు జట్టులో హామండు, సట్‌క్లిఫ్, హోమ్సు వంటి ఉద్దండులు కూలియాటగాండ్రు. నాయకుడు జార్డీను దొరబిడ్డ. హామండు ఎంత ఘనుడైనను వృత్తియాటగాడుగా నున్నంతకాలము నాయకుడు కాలేదు. 1937లో ఆ వృత్తిని వదలి దొరబిడ్డల వరుసలో చేరిన పిమ్మటనే 1938లో ఆయనకు నాయకత్వమిచ్చిరి. ఈ భేదమును వారు 1962లో గాని కొట్టివేయలేదు. అనగా 1932 జూన్ 25 ఉదయమున లార్డ్సులో ఏ జట్టు తన మేటి యాటగానిచే నడుపబడుచుండెనని అడిగినచో, భారత జట్టే యని చెప్పవలెను. అది ఒకరి యౌదార్యముచేతను, ఒకరి గాయముచేతను జరిగినదేగాని ఎవరును తలపెట్టి చేసినది కాదు. ఐనను జరిగినది.

ఆట సంగతి. ఇంగ్లండువారు ముందు బ్యాటింగుకు దిగిరి. హోమ్సు, సట్‌క్లిఫ్ అను జోడి సామాన్యమైనది కాదు. పది దినములకు ముందే ఆ యిరువురును తమ యార్కుషైరు జట్టు తరపున మొదటి వికెట్టుకు 555 పరుగులు చేసి ప్రపంచమును అబ్బురపరచియుండిరి. నాయుడు గారు క్రొత్త బంతిని మహమ్మదు నిస్సారు చేతికిచ్చెను. పంజాబునుండి వచ్చిన భారీ మనిషి, బంతి మెరుపు. సట్‌క్లిఫ్ 3 పరుగులకు, హోమ్సు 6 పరుగులకు ఇరువురును క్లీన్ బౌల్డు. తరువాత ఊలీ పరుగు తీయబోగా, మలయానుండి వచ్చిన లాల్ సింగు మెరుపువలె బంతిని విసరి రనౌటు చేసెను. ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు!

మా పెదనాన్నగారు 1932లో బడిపిల్లవాడు. రెండుమూడు దినములు ఆలస్యముగా చేరిన పత్రికలో ఆ అంకెను చూచి, అచ్చుతప్పేమో యని తమ మాస్టరుగారిని అడిగిరట. ఆయనయు అట్లే అనుకొనిరట.

కాని అచ్చుతప్పు కాదు. ఆ తరువాత జార్డీను 79, ఏమ్సు 65 చేసి తమ జట్టును ఒడ్డున వేసిరి. ఇంగ్లండు 259 పరుగులకు ముగిసెను. నిస్సారు 5 వికెట్లు, అమరసింగు 2, నాయుడు 2 తీసిరి. జార్డీనును ఔటు చేసినది నాయుడు గారే. అంతవరకు ఇంగ్లండు పత్రికలు మనవారిని ముచ్చటపడి చూచినవేగాని లెక్కపెట్టలేదు. ఆ దినముతో లెక్కపెట్టినవి.

తరువాతి దినములు అంత మంచివి కావు. నాయుడు గారికి బంతి పట్టబోవుటలో చేయి దెబ్బతినెను. ఇంకను కొందరు గాయపడిరి. దెబ్బతిన్న చేతితోనే ఆయన మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసెను. మనవారిలో అదియే అందరికంటె ఎక్కువ. రెండవ ఇన్నింగ్సులో అంతయు కూలిన పిమ్మట అమరసింగు చెలరేగి 51 చేసెను. టెస్టులలో భారతీయుని మొదటి అర్ధశతకమది. 158 పరుగులతో ఓడిపోతిమి. ఆ పర్యటనలో నాయుడు గారు మొత్తము 1600 పరుగులకు పైగా చేసిరి. విజ్డెను అను క్రికెట్టు సంవత్సర గ్రంథము 1933లో ఆయనను అయిదుగురు మేటి యాటగాండ్రలో నొకనిగా ఎన్నుకొనెను.

తెరచిన తలుపు అట్లే యుండెనా యనగా, లేదు. 1933లో బొంబాయిలో మన దేశమున జరిగిన మొదటి టెస్టుకు ఆయనయే నాయకుడు. ఆ పందెములో లాలా అమరనాథు అను యువకుడు 118 పరుగులు చేసి భారతదేశమునకు మొదటి టెస్టు శతకము సంపాదించెను. అవతలి కొనను నిలిచి అతనిని నడిపించినవాడు నాయుడు గారు. కాని 1936లో ఇంగ్లండునకు పోయిన జట్టుకు నాయకుడు మరల రాజవంశమువాడే - విజయనగరము మహారాజకుమారుడు. తెలుగునాటి యూరిపేరు గలవాడు మరియొక తెలుగువానిని ప్రక్కకు నెట్టి నాయకుడగుట మనకు సంతోషమో విచారమో నేను చెప్పజాలను. మూడు టెస్టులలోను ఆయన చేసినవి కలిపి 33 పరుగులు. ఆ పర్యటనలోనే ఆయనకు సర్ బిరుదము వచ్చెను. ఆ పర్యటనలోనే, మొదటి టెస్టు కాకమునుపే, అవిధేయుడని లాలా అమరనాథును ఓడనెక్కించి యింటికి పంపివేసిరి. నాయుడు గారు ఆ నాయకుని క్రింద నోరెత్తక ఆడిరి. ఓవల్ మైదానములో తన చివరి టెస్టున, ఎదకు బంతి తగిలియు నిలిచి, 81 పరుగులు చేసిరి. ఆయన టెస్టులు మొత్తము ఏడే, నాయకుడుగా నాలుగు. ఆ నాలుగింటిలో మూడు ఓటమి, ఒకటి సమము. గెలుపు లేదు.

గెలుపు లేనివాని తేదీని ఎవరు పెట్టుకొందురు? మనవారి లోపమిదియే యని నాకు తోచును. 1994 మొదలు క్రికెట్టు బోర్డువారు ఆయన పేర జీవితసాఫల్య పురస్కారమిచ్చుచున్నారు. ఆయన పేర యువకుల పోటీ కలదు. 1956లో ప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదమిచ్చిరి. ఇవన్నియు ఘనములే. కాని రాజమహేంద్రవరములో ఆ రాత్రి అరుగుమీద కూర్చున్న తెలుగువారము ఇరువదిమందిమి ఆయన పేరు చెప్పలేకపోతిమి.

పెదనాన్నగారు ఆయనను ఎరుగుట కేవలము పత్రికలవలన కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడిన యేటనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో ప్రవేశించెను. ఆ మొదటి జట్టుకు నాయకుడెవరనుకొన్నారు? నాయుడు గారే. వయస్సు 58. మనుమలతో ఆడుకొనవలసిన వయస్సున, ఇరువది యేండ్ల కుర్రవాండ్రను వెంటబెట్టుకొని దిగిరి. హోల్కారు జట్టుతో ఎన్నో ఫైనలు పందెములు చూచినవారికి ఈ పసిజట్టుతో ఒరుగునది యేమి? ఏమియు లేదు, పిలిచిరి, వచ్చిరి. ఆ సంగతి చెప్పునపుడెల్ల మా పెదనాన్నగారి గొంతు మారెడిది. ఆ పిమ్మటను ఆయన ఆట మానలేదు. చివరిసారి బ్యాటు పట్టి దిగునాటికి ఆయనకు 68 ఏండ్లు. 1967 నవంబరు 14న ఇందూరులో కాలధర్మము నొందిరి.

మరల 1983 నాటి రాత్రికి వత్తము. ఆనాటి పదునొకండుగురిలో తెలుగువాడు లేడు గాని, జట్టుకు మేనేజరుగా వెళ్ళిన పి. ఆర్. మాన్‌సింగు హైదరాబాదువాడు. జట్టులో మహారాజు గాని, మహారాజకుమారుడు గాని లేడు. కప్పు తెచ్చినవారికి తగిన బహుమతి యిచ్చుటకు బోర్డు చేతిలో సొమ్ము చాలకపోగా, లతా మంగేష్కరు ఢిల్లీలో పాటకచ్చేరి చేసి నిధి కూర్చిరి. రాజపోషణ పోయి, ధనపోషణ ఇంకను రాని సంధికాలమది.

పెదనాన్నగారి ప్రశ్నలు ఆ రాత్రి ఒకదానితో ముగియలేదు. 1932 కథయు, 1936 కథయు చెప్పిన పిదప, దీపము ఆర్పబోవుచు, "ఇందాక ఆఖరి వికెట్టు తీసి, పందెం ముగించినవాడెవడు?" అని యడిగిరి.

దానికి మాత్రము అందరమును ఒక్కసారిగా సమాధానము చెప్పితిమి. "మొహిందర్ అమరనాథ్."

"ఎవరి కొడుకు?" అని పెదనాన్నగారు దీపమార్పిరి.