లొరైన్ మోటెల్ – ఒక బాటసారి బస కథ

ప్రయాణంలో చీకటి పడితే తల దాచుకోను చోటు కావాలి. మనకు సత్రాలు, ముసాఫిర్‌ఖానాలు ఉన్నట్లే అమెరికాలో రోడ్డు ప్రక్కన మోటెళ్లు వెలిశాయి. మోటారు, హోటల్ అనే మాటలు కలిపి 1925లో కాలిఫోర్నియాలో పుట్టించిన పేరిది. కారును గది గుమ్మం ముందే నిలుపుకోవచ్చు. అయితే చేతిలో డబ్బున్నా నల్లజాతివారిని చాలాచోట్ల గది లేదు పొమ్మనేవారు. వారికి బస ఎక్కడ దొరికేదీ తెలిపేందుకు 'గ్రీన్ బుక్' అనే చిన్న పుస్తకం 1936 నుంచి మూడు దశాబ్దాలు వెలువడింది.

ఆ పుస్తకానికెక్కిన వాటిలో మెంఫిస్ నగరంలోని లొరైన్ ఒకటి. 1945లో వాల్టర్ బెయిలీ అనే నల్లజాతి వ్యాపారి ఒక పాత హోటలు కొని, భార్య లోరీని తలచుకొని దానికి లొరైన్ అని పేరు పెట్టాడు. తర్వాత కొత్త గదులు, ఈతకొలను చేర్చి మోటెల్ చేశాడు. రే చార్లెస్ వంటి గాయకులు ఇక్కడే దిగేవారు.

1968 ఫిబ్రవరిలో చెత్త బండిలో నలిగి ఇద్దరు పారిశుధ్య కార్మికులు చనిపోయారు. సుమారు 1,300 మంది సమ్మె కట్టారు. వారికి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ గారు 306వ నంబరు గదిలో దిగారు. ఏప్రిల్ 4 సాయంత్రం ఆ గది ముందరి బాల్కనీలో తుపాకి గుండుకు కూలిపోయారు. ఆనాడే లోరీ జబ్బున పడింది. కింగ్ గారి అంత్యక్రియలు జరిగిన 9వ తేదీనే ఆమె కూడా కన్నుమూసింది.

బెయిలీ ఆ గదిని మరెవ్వరికీ అద్దెకివ్వలేదు. గిరాకీ తగ్గి, అప్పులు పెరిగి 1982లో మోటెల్ వేలానికి వచ్చింది. నగర పౌరులు సంఘం కట్టి, చందాలకు తోడు బ్యాంకు అప్పు, కార్మిక సంఘం సాయం కూడగట్టి 1,44,000 డాలర్లకు పాడుకున్నారు. 1991లో అది జాతీయ పౌరహక్కుల మ్యూజియం అయింది. సుమారు 2 కోట్ల 75 లక్షల డాలర్లతో బాగుచేసి 2014లో మళ్లీ తెరిచారు. ముందుభాగం, 306వ గది ఆనాటి తీరుగానే ఉంచారు.

ఇందులో మరో సంగతీ ఉంది. 1988లో మోటెల్ మూసినప్పుడు అక్కడే కాపురముంటున్న చివరి మహిళను పోలీసులు బయటికి తరలించారు. ఆమె ఎదురుగా రోడ్డు మీదే కూర్చుని, ఈ సొమ్ముతో పేదలకు ఇళ్లు కట్టరాదా అని ఏళ్ల తరబడి నిరసన తెలిపింది.

ఎవరిది న్యాయం? ఆ గదిని కాపాడినవారిని మేము తప్పుపట్టలేము. ఆమె ప్రశ్ననూ త్రోసివేయలేము. చందాలు పోగుచేసి కట్టడాలు నిలబెట్టే ఏ సంఘమైనా ఆ రెండూ గుర్తుంచుకోవాలని మా మనవి. గోడలు దక్కినంత మాత్రాన చాలదు, వాటి నీడన బ్రతికినవారికీ చోటు మిగలాలి గదా!