బీరు గాఢతను నిర్ణయించిన చట్టాలు

ఒక దేశపు బీరు ఘాటైనదనీ, మరొక దేశపుది తేలికైనదనీ చెప్పుకునేటప్పుడు ఆ తేడాను ప్రజల అభిరుచికి ముడిపెట్టడం పరిపాటి. అయితే గడచిన నూటయాభై ఏళ్ల చరిత్రను పరిశీలిస్తే, ఈ తేడాలలో చాలా భాగం పన్నుల వల్లా, యుద్ధకాలపు చట్టాల వల్లా ఏర్పడినవేనని స్పష్టమవుతుంది.

మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడినీటిలో ఊరబెడితే దిగే తీపి రసమే బీరుకు మూలం. ఈస్టు ఆ రసంలోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది కనుక, పులియకముందు రసం ఎంత చిక్కగా ఉంటే బీరు సాధారణంగా అంత గాఢమవుతుంది. నీటి సాంద్రతను 1000గా తీసుకుని ఈ చిక్కదనాన్ని లెక్కగట్టే బ్రిటన్‌లో, 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం మాల్టు మీది పన్నును ఎత్తివేసి, రసం చిక్కదనాన్ని బట్టే పన్ను విధించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ జలాంతర్గాముల దాడులతో ధాన్యం దిగుమతులు దెబ్బతినడం, ఆయుధ కర్మాగారాల కార్మికుల తాగుడును మంత్రి లాయిడ్ జార్జ్ ప్రమాదంగా భావించడం తోడై, పన్నులు పెరిగి, బీరు ఉత్పత్తికీ చిక్కదనానికీ హద్దులు ఏర్పడ్డాయి. యుద్ధానికి ముందు సగటున 1050కి పైబడి ఉన్న చిక్కదనం 1918 నాటికి 1030 దరిదాపులకు పడిపోయింది. శాంతి నెలకొన్నాక కొంత కోలుకున్నా, పాత స్థాయిని మళ్లీ అందుకోలేదు.

దేశాలను పోల్చేవారు కొలమానాలను గమనించకపోతే పొరబడక తప్పదు. చెక్ సీసా మీద కనిపించే 12 డిగ్రీలు ఆల్కహాలు శాతం కాదు, పులియకముందు రసంలో కరిగి ఉన్న చక్కెర తదితర పదార్థాల బరువు శాతం; అటువంటి బీరులో ఆల్కహాలు ఘనపరిమాణం ప్రకారం సుమారు 5 శాతమే. మద్యనిషేధాన్ని సడలిస్తూ 1933లో అమెరికా బీరులో అనుమతించిన 3.2 శాతం ఆల్కహాలైతే బరువు ప్రకారం చెప్పిన లెక్క, ఘనపరిమాణంలో అది దాదాపు 4 శాతమవుతుంది.

బ్రిటన్ బీరును పలుచన చేసిన యుద్ధమే బెల్జియంలో పూర్తిగా భిన్నమైన ఫలితానికి దారితీయడం ఈ చరిత్రలో అత్యంత ఆసక్తికరమైన ఘట్టం. తాగుడును అరికట్టే సదుద్దేశంతో సోషలిస్టు నాయకుడు, న్యాయశాఖ మంత్రి ఎమిల్ వాండర్‌వెల్డ్ యుద్ధం ముగిసిన వెంటనే 1919లో తెచ్చిన చట్టం, పానశాలల్లో జిన్ను వంటి బట్టీసారాయిల అమ్మకాన్ని నిషేధించింది. వాటి ఘాటుకు అలవాటుపడిన జనం గాఢమైన బీరువైపు మళ్లడంతో, బీరు తయారీదారులు ఆ అవసరాన్ని తీర్చసాగారు, 8.5 శాతం ఆల్కహాలు గల డువెల్ వంటి బీర్లు ఆ దేశంలో ప్రత్యేక స్థానం సంపాదించాయి. 1980ల తొలినాళ్లలో నిషేధం తొలగినా వాటి ఆదరణ తగ్గలేదు.