ఇంటిపేరు – వలసత్రోవ

మన సంఘము ఈ వార్షిక మహాసభ సందర్భమున ప్రకటించు సంచికలో కుటుంబముల పట్టిక యొకటి చేర్పబడుచున్నది. దానికై సభ్యులకు పంపిన పత్రమున ఇంటిపేరు, గోత్రము, ఇప్పటి నివాసము అను మూడు గడులు కలవు. సంపాదకులు ఆ పత్రముతోడనే మాకొక జాబు వ్రాసి, ఇంటిపేరుల పుట్టుకను గూర్చి వ్యాసమొకటి వ్రాయుడని కోరిరి. మేము చరిత్రకారులము గాము. సంస్కృతవ్యాకరణమును గొంత చదివి, బడిలో పిల్లలచే శబ్దములు వల్లింపజేసి, ఇప్పుడు విశ్రాంతి గొన్నవారము. అయినను ఆ పత్రమున నాలుగవ గడి యొకటి లోపించినదని మాకు తోచినది. ఆ గడి యేదియో, అది యేల కావలయునో విన్నవించుటకే యీ వ్యాసము.

మేము నివసించునది బండి ఆత్మకూరు. ఇది నంద్యాలకు ఉత్తరమున, నల్లమలకొండలకును కుందూనదికిని నడుమ నున్న గ్రామము. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీ వఱకు కర్నూలు జిల్లాలో నుండి, అనాటినుండి నంద్యాల జిల్లాలోనిదైనది. తెలుగుదేశమున ఆత్మకూరులు పెక్కులు. నెల్లూరుసీమలో నొకటి, అనంతపురపుసీమలో నొకటి, పాలమూరుసీమలో నొకటి, మా జిల్లాలోనే శ్రీశైలము పోవు త్రోవలో మఱియొకటి కలవు. ఉత్త ‘ఆత్మకూరు’ అని వ్రాసిన జాబు ఏ యూరు చేరునో దేవునికే తెలియవలయును. ముందున్న ‘బండి’ యను మాట మా యూరిని తక్కిన యూళ్లనుండి వేఱుచేయుచున్నది. ఊరికి ఆ మాట చేయు పనినే మనుష్యునకు ఇంటిపేరు చేయుచున్నది. ఒక్క యూరిలో పదుగురు సుబ్బయ్య లుండగా వారిని వేఱుచేయుటకు పుట్టినదే ఇంటిపేరు.

ఇంటిపేరులు కొన్ని వృత్తినిబట్టి, కొన్ని పూర్వపురుషుని పేరునుబట్టి, కొన్ని యేదో యొక గుణమునుబట్టి కలిగినవి. కాని యెక్కువభాగము ఊళ్లనుబట్టి కలిగినవి. ఆ పేరుల రూపమే అందుకు సాక్ష్యము. ‘ఊరు’ అనునది ‘ఊరి’ యగును. ‘వీడు’ అనునది ‘వీటి’ యగును. ఆత్మకూరు ఆత్మకూరి యైనది, కాటూరు కాటూరి యైనది, ఆరవీడు ఆరవీటి యైనది. వ్యాకర్తలు దీనిని ఔపవిభక్తికమందురు. ఆ చివరనున్న చిన్న ఇకారములోనే ‘ఆ యూరికి సంబంధించినవాడు’ అను నర్థమంతయు నిమిడియున్నది.

ఇచ్చట నొక విశేషమును చదువరులు గమనింపవలయును. ఆత్మకూరిలో నున్నంతవఱకు ఎవ్వనినిని ‘ఆత్మకూరివా’ డనరు. అచ్చట నందఱును ఆత్మకూరివారే గదా! వాడు మూటముల్లె గట్టుకొని వేఱొక యూరు చేరిన పిదపనే, ఆ క్రొత్తయూరివారు వానిని ‘ఆత్మకూరివా’ డని పిలువసాగుదురు. కావున ఊరిపేరు ఇంటిపేరైనదనగా ఆ కుటుంబ మా యూరు విడిచినదని యర్థము. ఆ పేరు పెట్టినది విడిచిన యూరు గాదు, చేరిన యూరు. దీనికి నపవాదము లేకపోలేదు. ఊరి ప్రభుత్వమో కరణీకమో చేసినవారు ఊరిలో నుండియే దాని పేరును ధరించిరి. కాని సామాన్యులయెడ మొదటి నియమమే చెల్లును.

ఈ భేదము మన పూర్వులకు తెలియనిది గాదు. పాణిని తన యష్టాధ్యాయి నాలుగవ యధ్యాయమున ‘నివాస’మునకు నొక సూత్రమును, ‘అభిజన’మునకు వేఱొక సూత్రమును చేసెను. తా నిప్పుడు వసించునది నివాసము. తన పూర్వులు వసించినది అభిజనము అని వ్యాఖ్యాతలు విడదీసి చెప్పిరి. పాణినికే శాలాతురీయు డను పేరు గలదు. శలాతుర మను నూరు ఆతని యభిజనము. అది సింధునదికి జేరువను, నేటి పాకిస్తానములో నున్న లాహుర్ గ్రామమని పండితుల నిర్ణయము. ఆ శబ్దము సిద్ధించుటకు వలయు సూత్రమును ఆతడే రచించెను. అనగా వ్యాకరణమును జేసిన మహర్షికిని ఇంటిపేరు వంటిది కలదు, అది యూరిపేరే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. వెలనాటివారు, వేగినాటివారు, ములికినాటివారు అను శాఖానామములు నాడుల పేరులే గాని వేఱు గావు. బనగానపల్లెకు జేరువనున్న నందవరమునుండియే నందవరీకు లను శాఖకు పేరు వచ్చినది. నందరాజు కాశినుండి బ్రాహ్మణులను రప్పించెననియు, వారి వెంట చౌడేశ్వరీదేవి వచ్చి యచ్చట వెలసెననియు ఐతిహ్యము. ఐతిహ్యము కాశిని జెప్పుచున్నది, పేరు నందవరమును జెప్పుచున్నది. త్రోవ పొడవున కడపటి మజిలీయే పేరునందు నిలుచునని దీనివలన దెలియుచున్నది.

ఒక్క యింటిపేరును ఆద్యంతము పరిశీలించినచో విషయము స్పష్టమగును. మేము ‘పింగళి’ యను పేరును గైకొందుము. ఏలనన, ఆ పేరు మా కుందూతీరమున నొకప్పుడు వెలిగినది. పింగళి కృష్ణామండలములోని గ్రామము. ఆ వంశమున పూర్వము గోకమంత్రి యనువా డుండెననియు, పేకి యను దయ్యమును పనికత్తెగా నుంచుకొనెననియు ప్రతీతి. ఆ వంశమువాడే పింగళి సూరన. తండ్రి అమరనామాత్యుడు, తల్లి అబ్బమాంబ. సూరన తన ప్రభావతీప్రద్యుమ్నమును తండ్రికే యంకితము చేసెను. కళాపూర్ణోదయమును క్రీ. శ. 16వ శతాబ్దిలో నంద్యాల కృష్ణమరాజునకు గృతి యిచ్చెను. రాఘవపాండవీయమును ఆకువీటి పెదవేంకటాద్రి కోరికమీద రచించెను. కృష్ణాతీరపు పేరు కుందూతీరమున కెట్లు వచ్చెను? నియోగమనగా ఉద్యోగము. విజయనగరరాజ్యమున నాయకులు, మండలాధిపతులు ఎచ్చట నిలిచిన నచ్చట లెక్క వ్రాయువారును, మంత్రాంగము నెఱుగువారును, కావ్యము చెప్పువారును గావలసివచ్చిరి. కలము చేతబట్టినవాడు కొలువున్న చోటికి నడచెను. నంద్యాల సమీపమునందలి కానాలలో సూరన సమాధి కలదని మావైపువారు నేటికిని జెప్పుకొందురు. కవి యిచ్చటనే యుండిపోయినను, ఆతని యింటిపేరు మాత్రము కడవఱకు పింగళియే. నంద్యాల సూరన యని యెవ్వరును అనలేదు.

ఆతని ప్రభువు కథ యట్లు గాదు. నంద్యాల నేలినవారు ఆరవీటి బుక్కరాజు సంతతివారు. ఆరవీ డను నూరినిబట్టి ఆ వంశమునకు ఆరవీటివారని పేరు. 1565లో జరిగిన రాక్షసితంగడి యుద్ధమునకు బిమ్మట విజయనగర సింహాసన మెక్కినవారును ఆ వంశమువారే. అందొక శాఖ నంద్యాలకు ప్రభువై ‘నంద్యాల’వారైనది. చూడుడు: ఒకే సభలో కూర్చున్న యిరువురిలో, ప్రభువునకు తా నేలిన యూరు ఇంటిపేరైనది, కవికి తమవారు విడిచిన యూరు ఇంటిపేరుగా నిలిచినది. ఏలినవాడు పేరు మార్చుకొనును. కొలువుకు వచ్చినవాడు పేరు మోసికొని వచ్చును.

పింగళి యను నా పేరు తరువాతి కాలమున నలుదెసల గానవచ్చుచున్నది. మచిలీపట్టణమునకు జేరువనున్న భట్లపెనుమఱ్ఱులో బుట్టిన పింగళి వెంకయ్యగారు 1921లో విజయవాడ యందు గాంధీమహాత్మునకు జెండా నమూనా నర్పించిరి, 1963లో దివంగతులైరి. 1894లో జన్మించిన పింగళి లక్ష్మీకాంతముగారు కాటూరి వేంకటేశ్వరరావుగారితో గూడి కవిత చెప్పగా, లోకము వారిని ‘పింగళి–కాటూరి’ కవులని యింటిపేరులతోడనే పిలిచినది. పాతాళభైరవి, మాయాబజారు చిత్రములకు మాటలు కూర్చిన పింగళి నాగేంద్రరావుగారు 1901లో ఉత్తరాన రాజాములో జన్మించిరి. 2002లో కళాపూర్ణోదయము ఆంగ్లానువాదమై న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయపు ముద్రణాలయమునుండి వెలువడగా, కృష్ణాతీరపు టూరిపేరు పుస్తకపు టట్టమీద సముద్రమును దాటినది.

వీరందఱును ఒక్క మూలపురుషుని సంతతియా? ఇంటిపేరు చూచి అట్లనరాదు. పింగళినుండి ఒక్కమాఱే, ఒక్క కుటుంబమే వెడలినదను నియమము లేదు. ఇంటిపేరు విడిచిన యూరిని జెప్పునే గాని కన్న తండ్రిని జెప్పదు. ఒక యూరినుండి బ్రాహ్మణుడును, కాపును, సాలెయు, కుమ్మరియు వెడలినచో నలుగురును ఆ యూరిపేరివారే యగుదురు. కావున ఫలాని యింటిపేరు మాదే, తక్కిన కులములవారు దానిని దొంగిలించిరని సభలలో వాదించుట యుక్తము గాదు. ఆ పేరు మనలను కలిపినది రక్తముచేత గాదు, ఒక పొలిమేరచేత.

ఈ న్యాయము తెలుగుదేశమునకే పరిమితము గాదు. ఇంగ్లండు ఉత్తరభాగమున డరహాము ప్రాంతములో వాషింగ్టను అను గ్రామము కలదు. 12వ శతాబ్దిలో హార్టుబరనువాడైన విలియము అను భూస్వామి ఆ గ్రామమును బడసి, పాతయూరి పేరును విడిచి వాషింగ్టనువాడయ్యెను. మన ఆరవీటివారు నంద్యాలవారైన చందముననే. కాలక్రమమున ఆ వంశములో నొక శాఖ దక్షిణమునకు సల్‌గ్రేవు అను చోటికి వచ్చినది. ఇప్పుడు వారు పేరు మార్చుకొనలేదు. 1656లో జాన్ వాషింగ్టను సముద్రము దాటి వర్జీనియా చేరెను. ఆతని మునిమనుమడే అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రథమాధ్యక్షుడు. 1791లో ఆయన పేర రాజధానికి నామకరణము జరిగినది. ఊరిపేరు ఇంటిపేరై, ఇంటిపేరు తిరిగి యూరిపేరై, చక్రము పూర్తియైనది.

పేరును దక్కించుకొన్నవారి కథ యిది. పోగొట్టుకొన్నవారును గలరు. గోదావరీముఖమున నున్న కోరంగి రేవునుండి బర్మాకు బోయిన తెలుగువారి నందఱను అచ్చటివారు ‘కోరంగీ’ లనిరి. 1839 తుపానులో ఆ రేవు పాడైనను పేరు మాత్రము పోలేదు. వేయి యూళ్ల జనులకు ఓడ యెక్కిన రేవే యింటిపేరువంటిదైనది! 1834 మొదలుకొని ఒప్పందపు గూలీలుగా భారతీయులను మారిషసు ద్వీపమునకు గొనిపోయిరి. అందు తెలుగువారును గలరు. అచ్చటి పట్టికలలో తండ్రిపేరే కుటుంబనామముగా స్థిరపడుట తఱచైనది. వారి మనుమలు నేడు పూర్వుల యూరిని వెదకదలచినచో, పేరు వారికి దారి చూపదు.

సముద్రము దాటిననే పేరు పోవునని తలపవలదు. బడిలో కూర్చుండియే దానిని పోగొట్టవచ్చును. అట్టి యపరాధమును మేమే చేసితిమి. బడిలో పిల్లలను జేర్చుకొను దినములలో నొక వృద్ధుడు మనుమని వ్రేలుపట్టుకొని వచ్చెను. ఇంటిపేరు ఆత్మకూరి. మేము “ఈ యూరివారే గదా” యంటిమి. ఆతడు, “కాదు అయ్యవారూ, మాది ఈ ఆత్మకూరు కాదు, మా తాతలనాడు వేరే ఆత్మకూరునుంచి వచ్చినాము. కరువొచ్చి…” యని చెప్పబోయెను. వెనుక నింకను ముప్పదిమంది వేచియుండిరి. “పెద్దాయనా, అదంతా ఎందుకు? ఒక్క అక్షరం చాలు” అని, పట్టికలో ‘ఏ.’ అని వ్రాసి, చుక్కపెట్టి, తరువాతివారిని పిలిచితిమి.

ఇరువదియైదేండ్లు గడచెను. ఆ బాలుడు పెద్దవాడై, అమెరికాలో నుద్యోగము చేయుచు, సెలవులకు వచ్చి మా యింటి మెట్లెక్కెను. అచ్చట తన కూతురు బడిలో ‘మీ వంశపు త్రోవ’ యని పాఠమును వ్రాయవలసియుండెనట. “అయ్యవారూ, మా తాత మిమ్ములను జేర్పించినపుడు మా యూరి సంగతి చెప్పినాడని మా అమ్మ అనేది. ఏ ఆత్మకూరు?” అని యడిగెను. తాతయు, తండ్రియు గతించిరి. మేము బడికి బోయి పాత పట్టికను దీయించి చూచితిమి. మా చేతివ్రాతయే, చక్కని వ్రాత. ‘ఏ.’ అని యున్నది, ప్రక్కన చుక్క యున్నది. పాణినీయమున నభిజనసూత్రమును కంఠస్థము చేసినవారము, ఆ మాటను నోరార చెప్పవచ్చినవానిని వలదని పంపితిమి. ఆతనికి మే మేమని బదులు చెప్పగలము?

కావున సంపాదకులకును సభ్యులకును మా విన్నప మొక్కటియే. పత్రమున ‘అభిజనము’ అను నాలుగవ గడిని జేర్పుడు. సంస్కృతము కఠినమనిన ‘పూర్వుల యూరు’ అని వ్రాయుడు. అందు ఊరిపేరు మాత్రమే గాక, ఏ సీమలోనిదో, ఏల విడిచిరో, నడుమ నెచ్చట నిలిచిరో పెద్దలు చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. చెప్పిన పెద్దల పేరును వ్రాయుడు. మన గొప్పను జాటుటకు గాదు; వలస యొక గొప్పయు గాదు, ఒక తక్కువయు గాదు. కరువుచేతనో, కొలువుచేతనో, కలతచేతనో మనవారు నడచిరి. ఆ నడకను ఒక్క మాటలో దాచి మన కిచ్చిరి. ఆ మాటను ఒక్క యక్షరముగా కుదించుట తగదు.

ఈ సభకు వచ్చువారు తమ యింటి వృద్ధులను వెంట దోడ్కొని వత్తురుగాక. మేము భోజనశాల ప్రక్కన నొక బల్లవేసికొని, కలమును కాగితములను బెట్టుకొని రెండు దినములును కూర్చుండెదము. ఈసారి ఎవ్వరినిని తొందరపెట్టము.

శుభం భూయాత్.