పోతూ పోతూ పుట్టించే కరెంటు

దామరచర్ల మండలం వీర్లపాలెంలోని యాదాద్రి థర్మల్ కేంద్రంలో టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. పక్కనే మిర్యాలగూడలో ఏ రైసుమిల్లు గుమాస్తా బల్ల మీదో ఉన్న పాత కంప్యూటరులో హార్డ్‌డిస్కు 7,200 చుట్లు తిరుగుతుంది. వేగం సంగతలా ఉంచితే, కరెంటు పోయిన క్షణాన ఆ డిస్కు కూడా కరెంటు పుట్టిస్తుంది! మిగిలిన ఊపుతో మోటారే జనరేటరై, పళ్లెం మీద తేలుతున్న హెడ్డును గూటికి లాక్కొస్తుంది. అప్పుడు వినిపించేదే ఆ ‘టక్’.

1983 నాటి ఐబీఎం ఎక్స్‌టీ కాలపు డిస్కులకు ఈ తెలివి లేదు. పెట్టెను కదపాలంటే ముందు ‘పార్క్’ ప్రోగ్రాం నడపాల్సిందే. 1992లో ఏపీఎం, 1996లో ఏసీపీఐ అనే విద్యుత్ పొదుపు పద్ధతులు వచ్చి కంప్యూటరుకు కునుకు నేర్పాయి.

అసలు కథ 2007ది. ‘టక్’ అనడం డిస్కుకు ప్రాణసంకటమే. హిటాచీ ల్యాప్‌టాప్ డిస్కుల లెక్కలో హెడ్డు నెమ్మదిగా దిగితే 6,00,000 సార్లు ఓర్చుకుంటుంది, హఠాత్తుగా లాగితే 20,000 సార్లే. అందుకే ప్రోగ్రామర్ టెజున్ హియో లినక్స్ 2.6.22లో మెషిన్ ఆపేముందు డిస్కును నిద్రపుచ్చే పని లినక్స్ గుండెకాయైన కెర్నల్‌కే అప్పగించాడు. తీరా చూస్తే షట్‌డౌన్ ప్రోగ్రాం అప్పటికే ఆ పని చేసేస్తోంది. పడుకున్న డిస్కుకు మళ్లీ ‘పడుకో’ అని చెబితే కొన్ని డిస్కులు ఉలిక్కిపడి లేచేవి. మెట్ల కింద ఒకరు, పైన ఒకరు స్విచ్చు నొక్కితే ఆరిన లైటు వెలిగినట్టు! అంతలో కరెంటు తెగేది, మళ్లీ ‘టక్’. చివరికి షట్‌డౌన్ ప్రోగ్రాంను మార్చుకోండంటూ కెర్నల్ పెద్దక్షరాల్లో హెచ్చరించాల్సి వచ్చింది. మేలు చేయబోతే ఇంత తంటా.

నిద్ర లేపడంలోనూ పేచీయే. డిస్కు పూర్తి వేగం అందుకునేదాకా మెషినంతా కాచుక్కూర్చునేది. 2014లో లినక్స్ 3.15 వెర్షన్ ఆ ఎదురుచూపు తప్పించింది. 2023లో మరో లినక్స్ ప్రోగ్రామర్ డామియెన్ లె మోల్ మెషినంతా పడుకోవడం వేరు, డిస్కు ఒక్కటే కునుకు తీయడం వేరని డిస్కు నిద్ర సెట్టింగును రెండుగా విడదీశాడు.

ఎస్‌ఎస్‌డీలొచ్చాక పళ్లెమూ లేదు, ‘టక్’ కూడా లేదు. విండోస్ 95 నారింజ అక్షరాల్లో ‘ఇక ఆపుకోవచ్చు’ అనేదాకా ఆగే ఓపిక కూడా పోయింది. అది మాత్రం నష్టమే.

ఇంట్లో పాత డిస్కుంటే, అది తన ఆరోగ్యం రాసుకునే స్మార్ట్ పట్టికలో 192 నంబరు వరుస చూడండి. చాలా డిస్కుల్లో ఆ ‘టక్’ల లెక్క అక్కడే ఉంటుంది.